ఎర్రబారిన ఐదు రూపాయల బిళ్ల

మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది నేనూ, ఆయన బిళ్లలూ. నాణేలు అని రాయాలేమో కానీ మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడలేదు. పోనీ అవి బంగారువా, వెండివా, నవాబుల కాలంవా అంటే అదీ లేదు. కిరాణా కొట్టువాడు చిల్లరగా చేతిలో పెట్టే రూపాయి, రెండు రూపాయలు, ఐదు రూపాయలు. వాటిలో టంకశాలలో తప్పు పడి బయటికొచ్చినవి ఏరుకోవడం ఆయన పిచ్చి. పోయిన మనిషిని పిచ్చి అంటున్నానని ఎవరూ అనుకోవద్దు, ఉన్నప్పుడు కూడా మొహం మీదే అనేదాన్ని.

ఆయన బ్యాంకులో క్యాషియర్. పొద్దంతా చిల్లర చేతుల మీదుగా పోతుంది. అనుమానం వచ్చిన బిళ్లకు తన జేబులోంచి ఇంకొకటి పెట్టి దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. చిక్కడపల్లిలో మా పాత ఇల్లు. కింద మేమిద్దరం, పైన కిరాయికి అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకు పోయే ఆడపిల్లలు. మాకు పిల్లలు లేరు. నేను నారాయణగూడలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసేదాన్ని. సాయంత్రం ఇద్దరం ఇల్లు చేరితే నేను వంటింట్లోకి, ఆయన కిటికీ దగ్గరి టేబుల్‌కి. భూతద్దం కంటికి ఆనించాడంటే ఇక ఆ మనిషి ఇంట్లో లేనట్టే. పిలిస్తే "ఆఁ" అనేవాడు. కూర మాడుతోందన్నా "ఆఁ", దొంగలు పడ్డారన్నా "ఆఁ".

కానీ బిళ్లల వాళ్లలో ఆయనకు పెద్ద పేరు. ఆదివారాలు నారాయణగూడలో ఒక చిన్న హాల్లో అందరూ కలుస్తారు. అక్కడ ఎవరు ఏది పట్టుకొచ్చినా చివరికి ఆయన ముందుకే చేరేది. ఇది నిజంగా టంకశాల తప్పా, లేక బజార్లో దెబ్బతిన్న మామూలు బిళ్లా అన్నది ఆయన తేల్చాల్సిందే. ఆయన చెప్పాడంటే చెప్పినట్టే, ఒక్కసారి కూడా మాట తప్పు పోలేదని వాళ్లే అంటారు. ఆ ఒక్క పేరే ఆయన సంపాదన. మిగతాదంతా జీతం.

ఆయన పోయిన ఏడాదికి వాళ్లు ఒక ప్రదర్శన పెట్టుకుంటూ, ఆయన పేరు మీద ఒక టేబుల్ వేస్తామన్నారు. ఆ సంగతి చెప్పడానికి కవాడిగూడ నుంచి ఆయన స్నేహితుడు ఫోన్ చేశాడు. మా ఆయనను అన్న అంటాడు కాబట్టి నాకు మరిది వరస.

"వదినా, అన్న డబ్బాల ఒక ఎర్ర ఐదు రూపాయల బిళ్ల ఉండె. ఒకపారి నా కంట్ల పడ్డది. ఏందన్నా ఇది అని అడిగితె మూత పెట్టిండు. ఇది చూపిచ్చేది కాదు తమ్మీ అన్నడు. గా బిళ్ల ఉందా ఇంక?"

ఉంది. నాకూ తెలుసు ఆ బిళ్ల. పాతకాలపు దళసరి ఐదు రూపాయలు, తెల్లగా ఉండాల్సింది రాగి రంగులో ఉంటుంది. మిగతా బిళ్లలన్నీ కాగితపు పొట్లాల్లో ఉంటే, ప్రతి పొట్లం మీదా అది ఏ తప్పో ఆయన చేతిరాత ఉంటుంది. దీని పొట్లం మీద ఒక్క అక్షరం లేదు.

"వేరే లోహం బిళ్ల మీద అచ్చు పడ్డట్టుంది వదినా. నిజమైతె మనోళ్లల్ల ఎవ్వరి దగ్గర లేదు. గందుకే అన్న దాచుకున్నడు. అందరికి చెప్పేసిన నేను, టేబుల్ మీద నడుమ గదే పెడదాం."

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు ఒకటే ఆలోచన. అది నిజమైన తప్పే అయి తీరాలి అనుకున్నాను. ఎందుకో దాచకుండా చెబుతాను. నా సాయంత్రాలన్నీ ఆ టేబుల్ మింగేసింది. పక్కింటివాళ్లు మొగుడూపెళ్లాలు సినిమాకు పోతే, నేను ఒక వీపును చూస్తూ చపాతీలు చేశాను. అంత చేసీ, ఆయన అన్నిటికన్నా ఎక్కువగా దాచుకున్న బిళ్ల ఉత్తదని తేలితే నా బతుకు ఏ లెక్కలోకి పోతుంది? పైగా ఆయన పేరు. తప్పుకీ దెబ్బకీ తేడా తెలిసిన మనిషి అన్న పేరు ఆఖరికి తన సొంత డబ్బాలోనే పోవడమా!

పొట్లం విప్పి భూతద్దంతో చూడొచ్చు కదా అని అడగొచ్చు. భయమేసింది. ఎందుకంటే అప్పటికి నాకు చూడటం వచ్చేసింది.

అది ఎలా వచ్చిందంటే, ఏమీ తోచక. ఆయన పోయిన కొత్తలో ఇంట్లో సాయంత్రం ఆరు కావడమంటే ఒళ్లు మండేది. టీవీ పెడితే చిరాకు, తీసేస్తే ఇంకా చిరాకు. బయట మెయిన్ రోడ్డు మీద నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా బండ్ల మోత, అశోక్‌నగర్ సందుల్లో చాయ్ బండ్ల దగ్గర వందల కొద్దీ పిల్లలు, ఇంత జనం మధ్యన నన్ను పలకరించే నోరు ఒక్కటి లేదు. ఒకరోజు ఆ డబ్బాలన్నీ పాత సామాన్లవాడికి వేసేద్దామని దించి, ఊరికే భూతద్దం కంటికి పెట్టుకున్నాను. చూస్తే నాకు చాలావరకు తెలిసే ఉంది. ఆయన చూస్తూ చూస్తూ తనలో తను గొణుక్కునేవాడు కదా, అదంతా పోపు వేస్తుండగా నా చెవుల్లో పడిపోయింది.

బిళ్ల మీద గీత కనబడితే గోరుతో తడమాలి. ఉబ్బెత్తుగా తగిలితే అచ్చు పగిలి, ఆ పగుల్లోకి లోహం ఎక్కిందన్నమాట. అది టంకశాల తప్పు. గుంటగా తగిలితే ఎవడో గీకాడు. అంచు కొరికేసినట్టుంటే కొరికిన చోటు చూడకూడదు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడాలి. అక్కడా అంచు పలచబడి ఉంటే నిజం. అక్కడ నిండుగా, గుండ్రంగా ఉంటే ఆకురాయితో రాసిన పని. బిళ్లను పక్కకు తిప్పితే వెనక బొమ్మ నిటారుగా నిలబడాలి. తాగినవాడిలా ఒక పక్కకు వాలితే అచ్చు తిరిగిపోయింది. ఇవన్నీ ఆయన నాకు నేర్పలేదు. నేర్పి ఉంటే బాగుండేది. ఆ వంకనైనా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లోనే పై పోర్షన్ అమ్మాయి ఒకామె కిందికి వచ్చింది. గ్రూప్స్‌కి చదువుతోంది, సిద్దిపేట వైపు పల్లె.

"ఆంటీ, జర ఇది చూడండ్రి. రెండంకె పక్కన ఇంకో రెండంకె కనవడ్తుంది. ఫోన్ల వీడియో చూసిన, ఇసుంటిదానికి లక్షలిస్తరట."

"ఎవడిస్తడు? ఆ వీడియో పెట్టినోడు ఇస్తడా?"

నవ్వింది కానీ కళ్లల్లో ఆశ పోలేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. రెండో అంకె మెట్టులాగా చదునుగా, పలచగా ఉంది. అచ్చులోనే రెండుసార్లు చెక్కితే ఆ అంకె కూడా నిండుగా, గుండ్రంగా లేస్తుంది. ఇది కొట్టాక అచ్చు కాస్త అదిరి లోహాన్ని ఈడ్చిన గుర్తు.

"ఇసుంటివి బజార్ల మస్తు ఉంటయి బిడ్డా. రెండు రూపాయలకు రెండు రూపాయలే వస్తయి."

"అంటె ఇది తప్పు కాదా ఆంటీ?"

"తప్పే. గాని ఎవ్వరు లెక్కల పెట్టరు."

"నా ప్రిలిమ్స్ లెక్కనే ఉంది ఆంటీ ఈ బిళ్ల ముచ్చట" అంటూ లేచింది. చాయ్ తాగి పొమ్మన్నాను. పాలు కూడా పొయ్యి మీద పెట్టాను. రేపు టెస్టుంది ఆంటీ అని మెట్లెక్కి పోయింది. ఇంకో అబద్ధపు తప్పున్న బిళ్ల దొరికితే బాగుండు, మళ్లీ వస్తుంది అనుకున్నాను. ఇంత సిగ్గులేని ఆశ నాకు ఎప్పుడూ లేదు.

ఆ ఎర్ర బిళ్లను చూడటానికి మరిది ఒక పగటిపూట వచ్చాడు. మంచినీళ్లు కూడా తాగకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు. పొట్లం నేనే విప్పి ఇచ్చాను. ముందు మొహం వెలిగిపోయింది. "అబ్బ, ఏం రంగు వదినా!" అన్నాడు. బొమ్మ వైపు చూశాడు, అంకె వైపు చూశాడు. తర్వాత బిళ్లను నిలబెట్టి అంచు చూశాడు. ఆ కాలపు ఐదు రూపాయల బిళ్లకు అంచు చుట్టూ సన్నటి గాడి ఉంటుంది. ఆ గాడి దగ్గర భూతద్దం ఆగిపోయింది.

"పళ్లు కుట్టుకునే పుల్ల ఉంటె ఇయ్యండ్రి."

ఇచ్చాను. గాడిలో మెల్లగా గీకితే అరచేతిలో రవ్వంత పొడి రాలింది. వాసన చూసి నాకు చూపించాడు. పసుపు.

"సింహం ఛాతి కాడ చూడండ్రి వదినా, జర అరిగిన కాడ తెల్లగ కనవడ్తుంది. ఎరుపు పైపైననే ఉంది, లోపల మామూలు బిళ్లనే. ఎవ్వరిదో ముడుపు బిళ్ల ఇది. పసుపు బట్టల కట్టి పెడ్తరు కద, తడి తగిలి తగిలి ఏండ్ల మీద గిట్ల ఎర్రగయితది. మొక్కు తీరినంక హుండీల ఏస్తరు, హుండీకెళ్లి బ్యాంకుకొస్తది. వేరే లోహం అనుకొని మనోళ్లు శానమంది మోసపోతరు."

మరిది భూతద్దం జేబులో పెట్టుకుంటూ, "అన్న గూడ మోసపోయిండంటె నమ్మబుద్ధయితలేదు" అన్నాడు. "అందరికి చెప్పేసిన నేను. ఇప్పుడు అడుగుతరు. ఏం చెప్పాలె? ఆఖర్ల అన్న గూడ ఒకటి తప్పు జూసిండని చెప్పాల్సిందే."

మరిది వెళ్లిపోయాక మా ఆయన మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మహానుభావా, ఊళ్లో వాళ్లందరి బిళ్లలకూ తీర్పులు చెప్పావు, నీ డబ్బాలో పసుపు నీకు కనబడలేదా? అంచు చూడటం వచ్చిన మనిషివి కదా! కిటికీ దగ్గరి కుర్చీని పట్టుకుని గట్టిగానే అరిచాను. పైవాళ్లకు వినబడి ఉంటుంది. వినబడనీ.

మర్నాడు పొద్దున దీపం పెడుతుంటే, దేవుడి పటం వెనక మేకుకు వేలాడుతున్న పసుపు మూట మీద చెయ్యి ఆగింది. నాది కూడా ఒక ముడుపు ఉంది కదా అని అప్పుడు తట్టింది నాకు.

దాని కథ ఇది. పెళ్లయిన కొత్తలో ఆయనకు ఆదిలాబాద్ వైపు ఒక బ్రాంచికి బదిలీ అయ్యింది. నా ఉద్యోగం ఇక్కడ, మంచం పట్టిన మా అత్త ఇక్కడ. నెలకోసారి వచ్చి బట్టలు ఉతికించుకుని పోయేవాడు. ఏళ్లు గడిచాయి కానీ బదిలీ రాలేదు. మా ఆయన ఇంటికి వచ్చేయాలి స్వామీ అని చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామికి మొక్కి, ఒక ఐదు రూపాయల బిళ్ల పసుపు బట్టలో కట్టి, ఆ మేకుకు తగిలించాను. తర్వాత ఆయన వచ్చాడు. వచ్చి, ఆ కిటికీ దగ్గర టేబుల్ వేసుకున్నాడు.

కొన్నాళ్లకు ఆయనే అడిగాడు. "ముడుపు చెల్లించి వద్దాం పా. వచ్చేసిన కద."

"మీరు ఇంటికొచ్చినంక చెల్లిస్త" అన్నాను.

"మరి ఇప్పుడు యాడున్న?"

"ఏమో. నాకైతె కనిపిస్తలేరు."

కాసేపు నన్నే చూసి మళ్లీ భూతద్దం పెట్టుకున్నాడు. ఆ మాట అన్నందుకు నాకేం బాధ లేదు, ఉన్నమాటే అన్నాను. ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, నేనూ చెల్లించలేదు. పండగలకు మూట మీద కాస్త పసుపు నీళ్లు చల్లి, లోపల బిళ్ల ఉందా అని వేలితో నొక్కి చూసి, మళ్లీ మేకుకు తగిలించేదాన్ని. ఎప్పుడు నొక్కినా బిళ్ల ఉండేది.

మొక్కు చెల్లించకుండా ముడుపు విప్పకూడదు. అయినా విప్పాలని మూట చేతిలోకి తీసుకుని మొదటిసారి ముడి వైపు చూస్తే, అది నాది కాదు. నేను ఉత్తగా రెండు ముళ్లు వేస్తాను. ఇది మెడ చుట్టూ రెండుసార్లు తిప్పి, కొస లోపలికి దోపిన ముడి. బ్యాంకులో చిల్లర సంచులకు వేసే ముడి. ఇంట్లో బియ్యం సంచికి కూడా ఆయన అదే వేసేవాడు, విప్పలేక తిట్టుకునేదాన్ని.

లోపల పది రూపాయల బిళ్ల ఉంది.

నేను ముడుపు కట్టిన నాటికి ఈ దేశంలో రెండు రంగుల పది రూపాయల బిళ్ల పుట్టనే లేదు. ఎప్పుడు వచ్చిందో కానీ, వచ్చిన దగ్గర్నుంచీ మన హైదరాబాదులో ఏ దుకాణంవాడూ తీసుకోడు. చెల్లుతుంది, ప్రభుత్వం కొట్టిన బిళ్ల అని మా ఆయన పాల బూత్ దగ్గరా, ఆటోవాళ్లతోనూ పోట్లాటకు దిగేవాడు. ఓడిపోయి బిళ్లలు ఇంటికి తెచ్చేవాడు. వాటిలో ఒకటి తీసుకొచ్చి దేవుడి మూటలో పెట్టాడు!

ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే అక్కడ పీట మీద కూలబడి ఏడ్చాను. కర్మకాండ రోజుల్లో కూడా అంతగా ఏడవలేదు, అప్పుడు చుట్టూ మనుషులున్నారు.

నా ఐదు రూపాయల బిళ్లను మూటలోంచి ఎప్పుడు తీశాడో తెలియదు. నేను ఆఫీసులో ఉన్న ఏదో మధ్యాహ్నం అయి ఉంటుంది. ఎందుకు తీశాడో తెలియదు. విప్పి చూసి, ఎర్రబడిన బిళ్లను భూతద్దం కింద పెట్టుకుని ఏమనుకున్నాడో తెలియదు. నేను వేలితో నొక్కి చూస్తానని మాత్రం ఆయనకు తెలుసు. మూట ఖాళీగా తగలకూడదని ఇంకో బిళ్ల పెట్టాడు. అంటే ఆ టేబుల్ దగ్గర కూర్చుని కూడా నన్ను చూస్తూనే ఉన్నాడన్నమాట. ఇన్నేళ్లూ ఆయనతో మాట్లాడటానికి నాకేమీ దొరకలేదు. ఇప్పుడు అడగాల్సింది ఇంత ఉంది, జవాబు చెప్పాల్సిన మనిషి లేడు. ఇంతకన్నా ఒంటరితనం ఉంటుందా, నాకైతే తెలియదు.

కళ్లు తుడుచుకుని మరిదికి ఫోన్ చేశాను.

"తమ్మీ, ఆ ఎర్ర బిళ్ల తప్పు అచ్చని మీ అన్న నీకెప్పుడన్న చెప్పిండా?"

"చెప్పలే వదినా. మూత పెట్టిండు గంతే."

"పొట్లం మీద ఏమన్న రాసిండా?"

"రాయలే."

"మరి మోసపోయిండని ఎట్లంటవ్? అది మా ఇంట్ల ముడుపు బిళ్ల, నేను కట్టింది. పసుపు తోటి ఎర్రగయిందని ఆయనకు తెలుసు. తెలిసే దాచుకున్నడు. గదే చెప్పు అందరికి."

"ఎందుకు దాచుకున్నడు వదినా?" అని మెల్లగా అడిగాడు.

"నాకేం తెలుసు" అని పెట్టేశాను. ప్రదర్శనలో ఆయన టేబుల్ మీద పగిలిన అచ్చులూ, వాలిన బొమ్మలూ పెట్టారట. ఎవరూ ఏమీ అనలేదట. నేను పోలేదు.

పది రూపాయల బిళ్లను ఆయన డబ్బాలో, ఆ రాతలేని పొట్లంలోనే పెట్టాను. దానిలో ఏ తప్పూ లేదు, భూతద్దం పెట్టి మరీ చూశాను. ఎర్ర బిళ్లను కొత్త పసుపు బట్టలో కట్టుకుని ఒక శనివారం పొద్దున గుడికి పోయాను. హుండీలో వేయబోతుంటే, కొత్తగా వచ్చిన పూజారి, చిన్నవాడు, మూట చూసి పిలిచాడు.

"ముడుపా అమ్మా? ముందు స్వామి పాదాల కాడ పెడదాం, ఇటియ్యండ్రి. ఏమని మొక్కిండ్రు?"

"మా ఆయన ఇంటికి రావాలని."

"వచ్చిండా?"

"వచ్చిండు. నాకే జర ఆలస్యంగ తెలిసింది."

"మంచిదమ్మా" అన్నాడు. మూటను పాదాల దగ్గర పెట్టి, పూలు చేతిలోకి తీసుకున్నాడు. "ఆయన పేరు మీద అర్చన చేస్త. గోత్రం, పేరు చెప్పండ్రి."

పోయినవాళ్ల పేరు మీద అర్చన చేయరు. ఆ సంగతి తెలిసే, ఆయన గోత్రం, పేరు చెప్పాను.